కిరణానికి మోతాదు

(విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో నవంబరు 7న ఒక మెడికల్ ఫిజిసిస్ట్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, ఫిజిక్స్ లెక్చరర్లకి, వెనక నిలబడి వింటున్న పిల్లలకి కూడా నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా. గంటసేపు నిలబడితే కాళ్లు నొప్పి పుడతాయి.

ఈ రోజు నవంబరు 7. ఈ తేదీన పుట్టిన ఇద్దరు ఫిజిక్స్ వాళ్ల పేర్లు ఎవరైనా చెప్పగలరా? ఒకరు మేరీ క్యూరీ, 1867. రెండోవారు? సి.వి. రామన్, 1888. రామన్ గారి చిన్నతనం మీ ఊళ్లోనే గడిచింది. వాళ్ల నాన్నగారు ఇక్కడ ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. మేరీ క్యూరీ పుట్టినరోజునే అంతర్జాతీయ మెడికల్ ఫిజిక్స్ దినంగా జరుపుకుంటున్నాం. మన దేశంలో ఇదే రోజు జాతీయ క్యాన్సర్ అవగాహన దినం కూడా. అందుకే మీ సార్ ఫోన్ చేసి ఈ తేదీనే రమ్మన్నారు.

సరే, ఒక ప్రశ్న. మెడికల్ ఫిజిసిస్ట్ అనే ఉద్యోగం ఒకటి ఉందని ఇంతకు ముందు తెలిసినవాళ్లు చేతులెత్తండి. ముగ్గురో నలుగురో. ఇంత పెద్ద హాలులో ముగ్గురో నలుగురో! ఈ రోజు వెళ్లేటప్పుడు అందరికీ తెలియాలన్నదే నా ఆశ. ఆస్పత్రిలో డాక్టర్లుంటారు, నర్సులుంటారు, టెక్నీషియన్లుంటారు. ఫిజిక్స్ చదివినవాడికి అక్కడేం పని? మా బంధువులు ఇప్పటికీ నన్ను అడుగుతారు. నా సమాధానం ఎప్పుడూ ఒకటే. కొలవడం. మేం కొలుస్తాం. కొలిచి, ఇది సరిగ్గా ఉంది, రోగికి ఇవ్వొచ్చు అని సంతకం పెడతాం.

మీ అందరికీ తెలిసిన దానితోనే మొదలుపెడతాను. కరోనా రోజుల్లో పల్స్ ఆక్సీమీటరు వేలికి పెట్టుకోనివాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? లేరు కదా. తొంభై ఆరు వస్తే హమ్మయ్య అనుకున్నాం. తొంభై ఒకటి వస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. లోపల జరిగేది ఏమిటి? ఒకవైపు రెండు చిన్న ఎల్ఈడీలు, ఒకటి ఎర్ర కాంతి, ఒకటి ఇన్‌ఫ్రారెడ్. రెండోవైపు ఒక డిటెక్టర్. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎర్ర కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ వదిలేసింది ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో ఇది తిరగబడుతుంది. రెండింటి నిష్పత్తి చూస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో తెలుస్తుంది. ఒక పదార్థం తన గుండా పోయే కాంతిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే బీర్-లాంబర్ట్ నియమం, మీ ల్యాబులో చేసిందే.

కానీ వేలిలో రక్తం ఒక్కటే ఉండదు కదా? చర్మం ఉంది, కండ ఉంది, ఎముక ఉంది. అన్నీ కాంతిని మింగుతాయి. మరి రక్తం మింగింది ఎంతో ఎలా విడదీస్తారు? జపాన్‌లో తకువో అయోయాగి అనే ఇంజినీరు 1970ల మొదట్లో వేరే పనిలో ఉన్నాడు. రక్తంలోకి రంగు ఎక్కించి, గుండె ఎంత రక్తాన్ని తోస్తోందో కాంతితో కొలవాలని చూస్తున్నాడు. ప్రతి నాడి కొట్టుకున్నప్పుడూ రీడింగ్ ఊగిపోయేది. ఆ ఊగుడును పోగొట్టాలని కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని ఒకటి గమనించాడు. ఊగేది ధమనిలో రక్తం మాత్రమే! చర్మం ఊగదు, ఎముక ఊగదు. అయితే ఆ ఊగే భాగాన్ని మాత్రం తీసుకుంటే చాలు, మిగతాదంతా దానంతటదే పక్కకు పోతుంది. తీసేయాలనుకున్న దాంట్లోనే తనకు కావలసింది దొరికింది. 1974లో ఈ సూత్రాన్ని బయటపెట్టాడు. ఆయన 2020 ఏప్రిల్‌లో చనిపోయారు. సరిగ్గా ప్రపంచమంతా తన పరికరాన్ని వేలికి పెట్టుకుంటున్న రోజుల్లో.

ఇందులోనే ఇంకో మాట ఉంది, మనకు చాలా ముఖ్యం. 2020 డిసెంబరులో అమెరికా నుంచి ఒక పరిశోధన వచ్చింది. నల్లజాతి రోగుల్లో రక్తపరీక్ష ఆక్సిజన్ బాగా తక్కువని చెబుతుంటే, ఆక్సీమీటరు బాగానే ఉందని చూపించిన సందర్భాలు తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని మింగుతుంది మరి. మన చర్మాలు ఏ రంగు? మన దగ్గర వాడే మీటర్లను మన మనుషుల మీద పరీక్షించాలా వద్దా? ఈ ప్రశ్న అడగాల్సింది ఎవరు? ఫిజిక్స్ చదివిన మీరే. మీరు అడగకపోతే ఇంకెవరూ అడగరు.

ఇప్పుడు నా సొంత వృత్తికి వస్తాను. రేడియేషన్. 1895 నవంబరు 8న వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఎక్స్-రే కనుక్కున్నాడు, డిసెంబరులో భార్య చేతికి ఎక్స్-రే తీశాడు, పేటెంట్ తీసుకోలేదు. ఈ కథ మీ పుస్తకాల్లో ఉంది, నేను మళ్లీ చెప్పను. పుస్తకాల్లో లేనిది ఆ తర్వాతి ముప్పై ఏళ్ల కథ. అది చెప్పాలి.

రాంట్‌జెన్ ప్రకటించిన కొన్ని నెలల్లోనే డాక్టర్లు ఎక్స్-రేని వైద్యానికి వాడడం మొదలుపెట్టారు. ఎంత ఇవ్వాలి? ఎవరికీ తెలియదు. ఎలా కొలవాలి? అదీ తెలియదు. అప్పట్లో వాళ్ల కొలమానం ఏమిటో తెలుసా? చర్మం. చర్మం కంది ఎర్రబడేంత వరకూ ఇస్తే అది ఒక డోసు. ఒకరి చర్మం తొందరగా కందుతుంది, ఇంకొకరిది ఆలస్యంగా. ట్యూబు సరిగ్గా పనిచేస్తోందా అని చూడడానికి డాక్టరు తన చేతినే అడ్డం పెట్టి ఎముకలు కనిపిస్తున్నాయా అని చూసుకునేవాడు. రోజూ. అదే చెయ్యి. ఆ చేతులకి పుండ్లు లేచాయి, పుండ్లు క్యాన్సర్లయ్యాయి, వేళ్లు తీసేశారు, చేతులు తీసేశారు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ రెండు చేతులూ పోగొట్టుకుని 1904లో చనిపోయాడు. డాలీ అవస్థ చూశాక ఎడిసన్ ఎక్స్-రేల జోలికి పోలేదు. జర్మనీలో హాంబర్గ్‌లో ఒక ఆస్పత్రి ఆవరణలో 1936లో ఒక స్మారక స్తంభం నిలబెట్టారు. ఇలా పోయిన డాక్టర్లు, ఫిజిసిస్టులు, నర్సులు, టెక్నీషియన్లు వందకు పైగా మంది పేర్లు దాని మీద చెక్కారు. తర్వాత ఇంకా ఇంకా చేర్చాల్సి వచ్చింది. మేరీ క్యూరీ సంగతి మీకు తెలుసు. 1934లో ఆమె ఎముక మజ్జ దెబ్బతినే పోయింది.

వీళ్లంతా తెలివితక్కువ వాళ్లా? కాదు. వాళ్ల చేతిలో మందు ఉంది, మోతాదు లేదు. మోతాదు తెలియని మందు విషమే కదా?

1928లో స్టాక్‌హోమ్ మహాసభలో రాంట్‌జెన్ అనే యూనిట్‌ని అందరూ ఒప్పుకున్నారు. గాలిలో ఎంత అయనీకరణం జరిగిందో, అంటే అణువుల నుంచి ఎన్ని ఎలక్ట్రాన్లు ఊడాయో, దాన్నిబట్టి కొలత. ఆ సభలోనే రేడియేషన్ రక్షణకు అంతర్జాతీయ కమిటీ కూడా పుట్టింది. అంటే ఎక్స్-రే పుట్టాక ముప్పై మూడేళ్లకి! తర్వాత గాలిలో కొలిస్తే చాలదు, శరీరం ఎంత పీల్చుకుందో తెలియాలి అనుకున్నారు. ఒక కిలో కండకి ఒక జౌల్ శక్తి అందితే దాన్ని ఇప్పుడు ఒక గ్రే అంటున్నాం. లూయీ హెరాల్డ్ గ్రే అనే ఆస్పత్రి ఫిజిసిస్ట్ పేరు మీద పెట్టారది. పడిన డోసు ఒంటికి ఎంత హాని చేయగలదో లెక్కకట్టే యూనిట్ సీవర్ట్. ఆ సీవర్ట్ కూడా మా వాడే, స్వీడన్ మెడికల్ ఫిజిసిస్ట్. మా వృత్తిలో పనిచేసిన ఇద్దరి పేర్లు యూనిట్లయ్యాయంటే నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం తీయండి. ఒళ్లంతా ఒకేసారి 4 గ్రే పడితే, వైద్యం అందకపోతే, మనుషుల్లో దాదాపు సగం మంది కొన్ని వారాల్లో చనిపోతారు. 70 కిలోల మనిషి. 4 జౌళ్లు ఇంటూ 70. ఎంత? 280 జౌళ్లు. ఈ శక్తి ఎంతో మీకు అర్థమయ్యేలా చెప్పనా? వేడి టీ ఒక చిన్న గుక్క తాగితే ఒంటికి చేరే వేడి అంతే. ఒంటి ఉష్ణోగ్రత పెరిగేది డిగ్రీలో సుమారు వెయ్యో వంతే. అయినా మనిషి పోతాడు. ఎందుకు? టీలో వేడి అన్ని అణువులకీ తలా కాస్త పంచుకుపోతుంది. ఎక్స్-రే ఫోటాన్ అలా పంచదు. అయనీకరణం చేస్తుంది, ఎలక్ట్రాన్‌ని ఊడగొడుతుంది. ఆ ఎలక్ట్రాన్ దారిలో డీఎన్ఏ పోగులు తెగుతాయి. మొత్తం శక్తి కొంచెమే, పడిన చోట దెబ్బ గట్టిది.

దీంట్లో కష్టం చూశారా? ప్రాణం తీసే మోతాదుకి కూడా చేతికి వేడి తగలదు, కంటికి వెలుగు కనపడదు, ముక్కుకి వాసన రాదు. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు "కరెంటు పెడితే షాక్ కొడుతుందా బాబూ" అని అడుగుతారు. ఏమీ తెలియదమ్మా, పడుకుంటే చాలు అంటాం. రోగికి తెలియదు, డాక్టరుకి తెలియదు, నాకూ తెలియదు. పరికరానికి మాత్రమే తెలుస్తుంది. అందుకే ఆ పరికరాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలి.

ఆ పరికరం సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి. దాన్ని అయాన్ ఛాంబర్ అంటాం. చిటికెన వేలి కొస అంత ఉంటుంది, లోపల ముప్పావు ఘన సెంటీమీటరు కూడా లేని గాలి. రేడియేషన్ పడితే ఆ గాలి అయనీకరణం చెందుతుంది, ఆ ఛార్జిని ఎలక్ట్రోమీటరుతో కొలుస్తాం. ట్రీట్‌మెంట్ మెషిన్ కింద నీళ్ల ట్యాంకు పెడతాం, అటు ఇటు 30 సెంటీమీటర్లు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి నీళ్లు. ట్యాంకు ముందురోజు సాయంత్రమే నింపి ఉంచుతాం, నీళ్ల ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతకు చేరడానికి. ఛాంబర్‌ని 10 సెంటీమీటర్ల లోతున దించుతాం.

ఆ చిన్న ఛాంబర్‌కి చిన్న రంధ్రం ఉంటుంది. బయటి గాలే లోపల గాలి. ఇప్పుడు చెప్పండి, బయట పీడనం తగ్గితే లోపల గాలి అణువుల సంఖ్య ఏమవుతుంది? తగ్గుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే? తగ్గుతుంది. ఇంటర్‌లో చదివిన వాయు నియమం, పీవీ ఈక్వల్స్ ఎన్ఆర్‌టీ. అణువులు తగ్గితే ఛార్జి తగ్గుతుంది, రీడింగ్ తగ్గుతుంది.

నేను హైదరాబాద్‌లో పనిచేసి ఇక్కడికి వచ్చాను. హైదరాబాద్ సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి పీడనం ఇక్కడికంటే సుమారు ఆరు శాతం తక్కువ. అంటే అదే ఛాంబర్, అదే మెషిన్, అదే డోసు, విశాఖలో నూరు చూపిస్తే హైదరాబాద్‌లో తొంభై నాలుగు చూపిస్తుంది. ఫిజిసిస్ట్ బారోమీటర్ చూడకుండా ఆ తొంభై నాలుగుని నమ్మాడనుకోండి. మెషిన్ తక్కువ ఇస్తోంది అనుకుని ఆరు శాతం పెంచుతాడు. ఆ రోజు నుంచి వచ్చే ప్రతి రోగికీ ఆరు శాతం ఎక్కువ పడుతుంది. తల, మెడ క్యాన్సర్లకి మామూలుగా 70 గ్రే ఇస్తాం, 35 సిట్టింగుల్లో, ఏడు వారాలు. ఆరు శాతం అంటే 4.2 గ్రే. రెండు సిట్టింగులు అదనంగా ఇచ్చినట్టు! నోటి పుండ్లు పెరుగుతాయి, మింగడం కష్టమవుతుంది. తక్కువైతే ఇంకో ప్రమాదం, క్యాన్సర్ మళ్లీ తిరగబెట్టొచ్చు. అయిదు శాతం లోపల కచ్చితత్వం ఉండాలని ప్రపంచమంతా ఒప్పుకున్న మాట. ఒక్క బారోమీటర్ రీడింగ్ మర్చిపోతే ఆ అయిదు శాతం అక్కడికక్కడే దాటిపోయాం.

పీవీ ఈక్వల్స్ ఎన్ఆర్‌టీ ఎందుకు చదవాలి సార్ అని మీలో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? ఇందుకు.

కంప్యూటర్లు వచ్చాయి కదా, అవి చూసుకుంటాయి కదా అంటారు. అక్కడే ఒక నిజమైన కథ చెప్పాలి. 1985 నుంచి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స మెషిన్ ఆరుగురు రోగులకి విపరీతమైన ఓవర్‌డోసు ఇచ్చింది. కొందరు దానివల్లే చనిపోయారు. టెక్సాస్‌లో టైలర్ అనే ఊళ్లో 1986 మార్చిలో ఒక రోగికి ఇవ్వాల్సింది 1.8 గ్రే. పడింది 160 గ్రే పైమాటే అని తర్వాత అంచనా వేశారు. స్క్రీన్ మీద మాత్రం "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది, డోసు తక్కువ పడిందన్నట్టు చూపించింది. కంపెనీ ఇంజినీర్లు వచ్చి చూసి ఏమీ దొరకలేదన్నారు. మెషిన్ మళ్లీ వాడకంలోకి వచ్చింది. ఏప్రిల్‌లో ఇంకో రోగికి అదే జరిగింది.

అప్పుడు ఆ ఆస్పత్రి ఫిజిసిస్ట్ ఫ్రిట్జ్ హేగర్, మెషిన్ నడిపే ఆపరేటరుతో కలిసి కూర్చున్నాడు. ఆ రోజు నువ్వు ఏ మీటలు నొక్కావో అవే మళ్లీ నొక్కు అన్నాడు. మళ్లీ, మళ్లీ. చివరికి పట్టుకున్నారు. ఆమె ముందు ఎక్స్-రే అని పొరపాటున టైపు చేసి, వెంటనే కర్సర్ పైకి జరిపి ఎలక్ట్రాన్ అని దిద్దేది. అలవాటైన చెయ్యి, చాలా వేగం. లోపల అయస్కాంతాలు సర్దుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలోపే దిద్దితే ప్రోగ్రామ్ ఆ మార్పుని పూర్తిగా పట్టించుకునేది కాదు. మెషిన్ సగం దాంట్లో, సగం దీంట్లో ఉండిపోయి పూర్తి బలంతో కిరణాన్ని వదిలేది. నెమ్మదిగా టైపు చేస్తే ఆ లోపం కనపడనే కనపడదు. పాత మోడళ్లలో ఇలాంటిది జరిగినా ఆపడానికి యాంత్రికమైన అడ్డుకట్టలు ఉండేవి. కొత్తదాంట్లో వాటిని తీసేసి సాఫ్ట్‌వేర్ మీద వదిలేశారు. ఒక ఫిజిసిస్ట్, ఒక ఆపరేటరు పట్టువదలకుండా కూర్చోకపోతే ఇంకెంతమంది పోయేవారో. మా పనిలో చేరే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ నేను ఈ కథ చెబుతాను.

ఇక స్కానింగులు. సీటీ స్కాన్ పేరు చెప్పగానే ఇంగ్లండ్ ఇంజినీరు హౌన్స్‌ఫీల్డ్ అంటారు. నిజమే, 1971 అక్టోబరు 1న లండన్ దగ్గర తొలి రోగికి స్కాన్ తీసింది ఆయన మెషిన్‌తోనే. కానీ దానికి పదిహేనేళ్ల ముందు కేప్‌టౌన్‌లో అలన్ కార్మాక్ అనే ఫిజిక్స్ లెక్చరర్ ఉన్నాడు. అక్కడి పెద్దాస్పత్రి ఫిజిసిస్ట్ ఉద్యోగం మానేశాడు. రేడియో ఐసోటోపులు వాడాలంటే ఫిజిసిస్ట్ ఉండితీరాలని చట్టం. వారానికి ఒకటిన్నర రోజు వచ్చి చూసిపొమ్మని కార్మాక్‌ని అడిగారు. వెళ్లి చూస్తే, రేడియేషన్ డోసు లెక్కలు వేసేవాళ్లు శరీరమంతా ఒకే పదార్థం అన్నట్టు లెక్కేస్తున్నారు. ఊపిరితిత్తి వేరు, ఎముక వేరు కదా? లోపల ఎక్కడ ఎంత కిరణం ఆగుతోందో తెలియకుండా డోసు ఎలా చెబుతారు? ఆ ప్రశ్న నుంచే సీటీ లెక్కలు పుట్టాయి. గమనించండి, ఫొటో తీయాలని మొదలుపెట్టలేదు. డోసు సరిగ్గా లెక్కకట్టాలని మొదలుపెట్టాడు.

ఆయన తొలి ప్రయోగం ఒక అల్యూమినియం గుండ్రటి దిమ్మ, చుట్టూ చెక్క వలయం. గామా కిరణంతో కొలిచి లెక్కేస్తే మధ్యలో విలువ కొంచెం తేడాగా వచ్చింది. లెక్క తప్పిందా అనుకుని విచారిస్తే, దిమ్మ చేసిన వర్క్‌షాపు వాళ్లు మధ్యలో వేరే రకం అల్యూమినియం మేకు దిగ్గొట్టి ఉంచారు! బయటకి కనపడని మేకుని లెక్క పట్టుకుంది. 1963లో, 64లో పేపర్లు వేస్తే దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. హిమపాతాల మీద పరిశోధన చేసే స్విట్జర్లాండ్ సంస్థ ఒకటి ఉత్తరం రాసింది, మంచు లోపల చూడొచ్చేమోనని. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. ఇద్దరూ డాక్టర్లు కారు.

ఎంఆర్ఐ గురించి ఒక్క ముక్క. దాంట్లో ఎక్స్-రే లేదు. మన ఒంట్లో నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు 1.5 టెస్లా అయస్కాంతంలో సుమారు 64 మెగాహెర్ట్‌జ్ దగ్గర స్పందిస్తాయి. ఎఫ్ఎం స్టేషన్లు మొదలయ్యే చోటికి కాస్త కిందే. అందుకే ఆ గది గోడల్లో రాగి రేకు వేసి బయటి రేడియో తరంగాలు రాకుండా మూసేస్తారు. ఆ అయస్కాంతం భూమి అయస్కాంతత్వానికి ముప్పై వేల రెట్లకు పైనే. స్కాన్ అయిపోయాక ఆగదు, రాత్రీ పగలూ ఉంటుంది. దయచేసి మీ ఇంట్లోవాళ్లకి చెప్పండి, ఆ గదిలోకి ఆక్సిజన్ సిలిండరు, ఇనుప స్ట్రెచరు తీసుకెళ్లకూడదు. మెషిన్ ఆగి ఉంది కదా అని అస్సలు అనుకోకూడదు.

అల్ట్రాసౌండ్‌కి మూలం క్యూరీ అన్నదమ్ములు 1880లో కనుక్కున్న పీజో విద్యుత్తు, అంటే కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుట్టడం. అందులోనూ ఎక్స్-రే లేదు. కానీ అదే మెషిన్‌తో ఆడపిల్లని కడుపులోనే గుర్తుపట్టి చంపుకున్నాం. 1994లో చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇది మనందరం తలదించుకోవాల్సిన విషయం, అందుకే దాటేసి పోలేదు.

పెట్ స్కాన్ చూడండి. ఫ్లోరిన్-18 అనే ఐసోటోపుని గ్లూకోజు లాంటి పదార్థానికి తగిలించి ఎక్కిస్తారు. దాని అర్ధాయువు, అంటే సగానికి తరిగిపోయే సమయం, 110 నిమిషాలు. ఇలాంటి ఐసోటోపులు చేసే సైక్లోట్రాన్ అనే యంత్రం ఉన్న చోట తయారుచేసి, అయిదు గంటల దూరం ఉన్న ఊరికి బండిలో పంపారనుకోండి. చేరేసరికి ఎంత మిగులుతుంది? లెక్కేయండి. నూటికి పదిహేను పాళ్లు. దారిలో ట్రాఫిక్ జామ్ అయితే ఇంకా తక్కువ. అందుకే తెల్లవారకుండానే బండి బయలుదేరుతుంది, అందుకే టైముకి రమ్మని రోగికి అన్నిసార్లు ఫోన్ చేస్తారు. చిరాకు పడకండి.

ఇవన్నీ విన్నాక భయం వేస్తోందా? అమ్మా, మీరు తల ఊపుతున్నారు. భయం పోవాలన్నా కొలతే దారి. ప్రకృతి నుంచే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్ పడుతుంది. మీ భీమిలి ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, దాంట్లో రేడియేషన్ ఇచ్చే థోరియం ఉంది, అదీ కొంత ఇస్తుంది. ఛాతీ ఎక్స్-రే ఒకటి 0.1 మిల్లీసీవర్ట్‌కి మించదు. పొట్టకి తీసే సీటీ సుమారు 8, 10. అంటే ఎక్స్-రే వద్దని పారిపోనక్కర్లేదు. అలాగని తలనొప్పి వచ్చిన ప్రతిసారీ డబ్బులిచ్చి మనమే సీటీ తీయించుకోకూడదు. డాక్టరు రాస్తే, ఎందుకు రాశారని మర్యాదగా అడగండి. పాత స్కాన్ల ఫిల్ములు, సీడీలు పారేయకండి. కొత్త ఆస్పత్రికి వెళ్లినప్పుడు తీసుకెళ్తే ఒక్కోసారి మళ్లీ తీయాల్సిన పని తప్పుతుంది. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉంటే టెక్నీషియన్‌కి ముందే చెప్పండి, సిగ్గుపడకండి.

చివరిగా, ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లకి. బీఎస్సీ ఫిజిక్స్ తర్వాత ఎంఎస్సీ ఫిజిక్స్ చేసి రేడియోలాజికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా చేయొచ్చు. ముంబయిలో బార్క్, అంటే భాభా అణు పరిశోధన కేంద్రం, ఈ డిప్లొమాని 1962 నుంచి నడుపుతోంది. లేదా నేరుగా మెడికల్ ఫిజిక్స్‌లో ఎంఎస్సీ చేయొచ్చు. ఆ తర్వాత రేడియోథెరపీ విభాగంలో ఇంటర్న్‌షిప్, ఆపైన రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ పరీక్ష. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఫిజిసిస్ట్ లేకుండా ఏ ఆస్పత్రీ రేడియోథెరపీ నడపకూడదు. కాబట్టి క్యాన్సర్ ఆస్పత్రులు జిల్లాలకి రావాలంటే మెషిన్లు కొంటే సరిపోదు, మీలాంటి వాళ్లు కావాలి. శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి ఒక రోగి ఏడు వారాలు ఇక్కడ గది అద్దెకి తీసుకుని, పనులు మానుకుని ఉండాల్సి వస్తోంది. ఆ దూరం తగ్గాలని నాకు చాలా బలంగా ఉంది.

మా విభాగం చూడాలనుకునేవాళ్లు మీ హెచ్ఓడీ గారికి పేర్లు ఇవ్వండి. పొద్దున్న ఏడింటికల్లా రావాలి, రోగులు రాకముందే మా చెకింగులు అయిపోవాలి. నీళ్ల ట్యాంకు, ఛాంబర్, బారోమీటర్ అన్నీ ఉంటాయి. రీడింగులు మీరే తీయండి, కరెక్షన్ మీరే వేయండి, నా లెక్కతో సరిపోయిందో లేదో చూద్దాం. కాలిక్యులేటర్ తెచ్చుకోండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, ముందు ఆ వెనక నిలబడ్డ పిల్లలకి మైకు ఇవ్వండి.